బీఎండబ్ల్యూ ఎం340ఐకి ఏ బ్రేక్ ప్యాడ్లు? ఘాట్‌ల పెడల్ మెత్తబడ్డది, జనవరిల చెన్నై ట్రాక్ డే ఉన్నది

గచ్చిబౌలి_స్ట్రెయిట్‌సిక్స్:

అన్నలందరికి నమస్తే. నాది 2021 ఎం340ఐ, సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న, ఇంజిన్ స్టాకే, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నది, పవర్ పెంచే రీమ్యాప్ ఏం లేదు. రోజు ఆఫీసుకు ట్రాఫిక్‌ల పోవుడు, వీకెండ్ పొద్దుగాల్నే ఓఆర్ఆర్ మీద ఒక రౌండ్, అప్పుడప్పుడు ఇంట్లోవాళ్లతోని లాంగ్ డ్రైవ్, ఇంతే వాడకం. ముందు ప్యాడ్లు అయిపోవస్తున్నయి, స్క్రీన్ మీద మిగిలిన కిలోమీటర్లు తక్కువ చూపిస్తున్నది, ఎట్లాగు మార్చాలె.

మొన్న తిరుపతి పోయినం. కొండ దిగేటప్పుడు నలుగురం ఉన్నం, డిక్కీ నిండ సామాను, ముంగట బస్సు, దాని ఎనుక మెల్లగ వస్తున్న, గేరు డి లనే ఉన్నది, ప్రతి మలుపుకు బ్రేక్ తొక్కుడే. సగం దిగినంక పెడల్ లోపలికి పోవుడు మొదలైంది, మెత్తగ స్పంజి తొక్కినట్టు, కాలిన వాసన కూడ వచ్చింది. ఆపే జాగ దొరికినంక కాసేపు ఆగినం, చల్లారినంక మళ్ల మామూలైంది. మా అమ్మ ఇప్పటికీ ఆ బండిల ఎక్కాలంటే ఆలోచిస్తున్నది, అందుకే దీన్ని గట్టిగ పట్టుకున్న.

ఇంకోటి, జనవరిల ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు దోస్తులు పోతున్నరు, నేను కూడ పేరిచ్చిన. ఒకేసారి మంచి ఆఫ్టర్‌మార్కెట్ ప్యాడ్లు వేయిద్దామని చూస్తున్న. కొందరు ఈబీసీ యెల్లోస్టఫ్ అంటున్నరు, కొందరు ఫెరోడో డీఎస్2500 అంటున్నరు, ఒకాయన అయితే సీదా పాజిడ్ రేసింగ్ ప్యాడ్ వేసుకో ఇంక ఫికర్ ఉండదు అన్నడు. నాకు డస్ట్ తక్కువ రావాలె, చప్పుడు చేయొద్దు, ఘాట్‌ల వేడికి ఫేడ్ కావద్దు, అంటే పట్టు పోవద్దు, ట్రాక్ మీద నిలబడాలె. ఇవన్ని ఒక్క ప్యాడ్‌ల దొరుకుతయా? డిస్కులు కూడ మార్చాల్నా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

ఆటోనగర్_బాబాయ్:

బాబూ, ప్యాడ్ల సంగతి ఆనక, ముందు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చూడు. నువ్వు చెప్పిన దాన్ని బట్టి అది ప్యాడ్ ఫేడ్ కాదు. ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలేస్తే పెడల్ గట్టిగానే ఉంటది, ఎంత తొక్కినా బండి ఆగదు. నీకు పెడల్ మెత్తబడి లోపలికి పోయింది, చల్లారాక తిరిగొచ్చింది, అంటే కాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీద అదిమే భాగం) దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుద్ది, నీ కాలి బలం అంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోయింది. దీనికి ఎంత ఖరీదు ప్యాడ్ వేసినా ఉపయోగం లేదు, ఇంకా గట్టి ప్యాడ్ వేస్తే ఇంకా వేడి పెట్టి ముందే మరిగిస్తావు.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుద్ది, దాని గుణమే అది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అదే 3.7 శాతం నీళ్లు చేరితే లెక్క 155కి పడిపోద్ది. మన కోస్తా ఉక్కపోతలో, వానాకాలంలో నీళ్లు చేరడం ఎంతసేపు. కంపెనీ రెండేళ్లకోసారి మార్చమంటది, సెకండ్ హ్యాండ్ బళ్లలో మటుకు ఇంజన్ ఆయిల్ మార్చి తళతళా కడిగి అమ్మేస్తారు, బ్రేక్ ఆయిల్ ఎవడూ ముట్టుకోడు. మా షెడ్డుకి వచ్చే పెద్ద బళ్లలో చాలావాటికి రిజర్వాయర్ మూత తీస్తే ఆయిల్ టీ రంగులో ఉంటది.

ఇంకో లెక్క చెప్తా. మనుషులు సామానుతో నీ బండి రెండు టన్నులు. తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతావు. ఆ ఎత్తు దిగడంలో ఉన్న శక్తి 14 మెగాజూళ్లు, అంటే 45 లీటర్ల నీళ్లని మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచొచ్చు. కొంత టైర్లు, గాలి తినేస్తాయి, మిగతాదంతా ఇంజన్ అన్నా పట్టుకోవాలి, లేకపోతే డిస్కులన్నా మింగాలి. డి లో వదిలేస్తే ఎనిమిది గేర్ల బాక్సు హాయిగా పై గేర్లోకి పోద్ది, మోతంతా బ్రేకుల మీదే. స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉన్నది దీనికే, రెండో గేరో మూడో గేరో పట్టుకుని దిగు, బ్రేక్ తొక్కినప్పుడు గట్టిగా తొక్కి వదిలెయ్, కాలు ఆనించి పెట్టకు. పైగా ఇప్పుడు దిగే రోడ్డు 1944లో వేసిన పాతది, మలుపులు ఎక్కువ, 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి వాడుతున్నారు. వేగంగా దిగకుండా దేవస్థానం వాళ్లు టైము కూడా పెట్టారు కాబట్టి తొందర పడి చేసేదేం లేదు.

వాసన వచ్చింది అన్నావు కదా, ప్యాడ్ పైపొర కూడా కాలి అద్దంలా అయ్యుండొచ్చు, విప్పినప్పుడు చూడండి.

ఫ్రీమాంట్_తెలుగోడు:

బాబాయ్ చెప్పింది నూటికి నూరు కరెక్ట్, ఫ్లూయిడ్ ఫస్ట్. నేను ప్యాడ్ల గురించి చెప్తాను, ఇక్కడ కాలిఫోర్నియాలో నా కారుతో లగూనా సెకా, థండర్‌హిల్ ట్రాక్‌లకి వెళ్తుంటాను కాబట్టి ఈ విషయం మీద కొంచెం ఎక్కువే బుర్ర పెట్టాను.

బ్రో నువ్వు అడిగిన నాలుగూ, అంటే డస్ట్ లేకపోవడం, చప్పుడు లేకపోవడం, చల్లగా ఉన్నప్పుడు పట్టు, 600 డిగ్రీల్లో పట్టు, ఒక్క ప్యాడ్‌లో కలిసి రావు. ఇది కంపెనీల చేతకానితనం కాదు, మెటీరియల్ అలా పనిచేస్తుంది. సిరామిక్ అని అమ్మే ప్యాడ్లు డిస్కు మీద సన్నటి పొర వేసుకుని ఆ పొర మీద రుద్దుకుంటాయి, అందుకే డస్ట్ తక్కువ, సైలెంట్, కానీ బాగా వేడెక్కితే చాలావాటికి పట్టు తగ్గిపోతుంది. యూరప్ కార్లకి ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి ఎక్కువగా లో మెటాలిక్, అంటే కాస్త లోహం కలిపినవి, అవి డిస్కుని కూడా కాస్త గీకుతాయి, దాంతో మొదటి తొక్కుడికే గట్టిగా పట్టుకుంటాయి, రిమ్ములు నల్లగా అయ్యేది అందుకే, ఆ నలుపులో ప్యాడ్ పొడితో పాటు నీ డిస్కు ఇనుము కూడా ఉంటుంది. రేసింగ్ ప్యాడ్ సంగతి పూర్తిగా వేరు, దానికి రెండు మూడు వందల డిగ్రీలు వస్తే కానీ నిద్ర లేవదు, కొండాపూర్ సిగ్నల్ దగ్గర 40 స్పీడ్‌లో ఎవరో అడ్డం వస్తే ఆ మొదటి తొక్కుడికి నీ పాత స్టాక్ ప్యాడే దానికన్నా ముందు ఆపుతుంది. చల్లగా ఉన్నప్పుడు డిస్కుల్ని ఎక్కువ తినేస్తుంది కూడా, ప్రతి స్టాప్‌కీ కీచుమంటుంది. అమ్మగారిని ఎక్కించుకునే కారుకి అది వేయొద్దు, ఆ సలహా ఇచ్చినాయన మంచి మనసుతోనే చెప్పుంటాడు కానీ రోడ్డు కారుకి అది నిజంగా ప్రమాదం.

కాబట్టి ఏ ప్యాడ్ గొప్పది అని అడగకు, నా డిస్కులు రోజూ ఎంత వేడెక్కుతున్నాయి అని అడుగు. సిటీలో వంద, రెండు వందల డిగ్రీల లోపే తిరుగుతాయి. ఘాట్‌లో ఇంకా పైకి వెళ్తాయి. ట్రాక్ మీద ఐదారు వందలు మామూలు. డీఎస్2500కి ఫెరోడో వాళ్లు ఇచ్చే లెక్క సగటు ఘర్షణ 0.42, పనిచేసే రేంజ్ 20 నుంచి 500 డిగ్రీలు, అంటే చల్లగా ఉన్నా పట్టుకుంటుంది, ఓ మోస్తరు ట్రాక్ కూడా తట్టుకుంటుంది, చప్పుడు మటుకు అప్పుడప్పుడు భరించాలి. యెల్లోస్టఫ్ కూడా ఇదే వర్గం, వేగంగా రోడ్డు మీద తిరిగేవాళ్లకి, అప్పుడప్పుడు ట్రాక్‌కి. నా ఓటు డీఎస్2500కి, ఎందుకంటే పెడల్ ఎంత తొక్కితే అంత ఆగుతుంది అనే ఫీల్ దాంట్లో నాకు బాగా నచ్చింది, వేడి పెరిగేకొద్దీ అది మారిపోకుండా ఉండటం ట్రాక్ మీద చాలా పెద్ద విషయం.

ప్యాడ్ అంచు మీద ఎఫ్‌ఎఫ్, జీజీ లాంటి రెండు అక్షరాలు ఉంటాయి, మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది ఎక్కువ వేడిలో. 'ఈ' (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. జీజీ చూసి ఎగబడకు, అది అంగుళం ముక్క మీద ల్యాబ్‌లో చేసే టెస్ట్, నీ కారులో ఎలా ఉంటుందో పూర్తిగా చెప్పదు. నాకు దానికన్నా ముఖ్యం యూరప్ ఆర్90 ముద్ర, గుండ్రంలో ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరం పక్కన నంబర్ ఉంటుంది, 1 అంటే జర్మనీ, 3 ఇటలీ, 11 బ్రిటన్ ఆమోదం. ఆ ముద్ర ఉంటే ఒరిజినల్ ప్యాడ్ పనితీరుకి 15 శాతం అటూ ఇటూ లోపలే ఉందని పరీక్ష చేసినట్టు.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. ఇక్కడ కాలిఫోర్నియాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో 2010లో చట్టాలు చేశారు, ప్యాడ్ల పొడిలో రాగి వాన నీళ్లతో వాగుల్లోకి పోయి చేపల్ని దెబ్బతీస్తోందని. 2021 నుంచి రాగి 5 శాతం దాటకూడదు, 2025 నుంచి 0.5 శాతం. డబ్బా మీద మూడు ఆకుల గుర్తు ఉంటే రాగి దాదాపు లేనట్టే. రాగి వేడిని బయటికి లాగేది, ఘర్షణని నిలకడగా ఉంచేది, అది తీసేసి చాలా కంపెనీలు ఫార్ములాలు మార్చుకున్నాయి. అందుకే పదేళ్ల కిందటి రివ్యూ చదివి అదే పేరున్న ప్యాడ్ కొనేస్తే లోపల మందు అదే అన్న గ్యారంటీ లేదు, రివ్యూ తేదీ చూసుకో.

గచ్చిబౌలి_స్ట్రెయిట్‌సిక్స్:

బాబాయ్, రికార్డు తీసి చూసిన, సర్వీస్ హిస్టరీల బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడ లేదు. ఆపిందే దేవుడు. ఈ వారమే మార్పిస్త. కాని మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 పోయాల్నా, కంపెనీదే పోయాల్నా? ఇంకా ఫ్రీమాంట్ అన్న, డీఎస్2500 వేస్తే ట్రాక్‌కు కూడ అదే నడుస్తదా, వేరే సెట్ అవసరం లేదా?

బెంగళూరు_ల్యాప్స్:

దీని మీద నేను ఫ్రీమాంట్ గారితో ఒప్పుకోను. ఆయన ఏ కారుతో వెళ్తారో తెలీదు కానీ ఎం340ఐ తేలిక బండి కాదు, దాదాపు 1,700 కిలోలు, మనిషి, పెట్రోల్ కలిపితే 1,800. 180 నుంచి 80కి ఒక్కసారి బ్రేక్ వేస్తే డిస్కుల్లోకి పోయేది 1.8 మెగాజూళ్లు, అదీ మూడు సెకన్లలో. అంటే ఆ మూడు సెకన్లు బ్రేకులు 600 కిలోవాట్లు మింగుతున్నాయి, మీ ఇంజిన్ పూర్తిగా తొక్కితే ఇచ్చేదే 285 చిల్లర. తిరుమల ఘాట్‌లో మొత్తం శక్తి ఎక్కువే కానీ అరగంట పైన పంచుకుంటుంది, ఇక్కడ ల్యాప్‌కి ఇలాంటివి నాలుగైదు, మధ్యలో చల్లారే టైమ్ ఉండదు. ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 3.717 కిలోమీటర్లు, చెన్నై ఎండలో, జనవరిలో కూడా మధ్యాహ్నం సెషన్ అంటే తారు మండుతుంటుంది. మనవాళ్లు ఎక్కువమంది ట్రాక్ డే నుంచి తొందరగా పక్కకి వచ్చేసేది ఇంజిన్ వల్ల కాదు, బ్రేకుల వల్లే.

నా మాట ఏంటంటే రోడ్డుకి ఒక సెట్, ట్రాక్‌కి ఒక సెట్. రోడ్డుకి ఒరిజినల్ ప్యాడే వేసుకోండి, నిజంగా. ఆ బండికి ముందు నాలుగు పిస్టన్ల కాలిపర్లు, 348 మిల్లీమీటర్ల డిస్కులు, రోడ్డు మీద మీరు చేసే ఏ పనికైనా స్టాక్ ప్యాడ్ సరిపోతుంది, డస్ట్ వస్తే కడుక్కోవచ్చు. ట్రాక్‌కి మాత్రం అక్కడికి వెళ్లే ముందు అసలైన ట్రాక్ ప్యాడ్ వేయించి, అయిపోయాక తీసేయండి. సంవత్సరానికి ఒక్కసారి వెళ్లేవాళ్లు అంత అక్కర్లేదు అంటారా, అప్పుడు డీఎస్2500 లాంటి మధ్యరకం పెట్టుకుని సెషన్‌లో మూడు నాలుగు ల్యాపులు గట్టిగా, ఒకటి మెల్లగా అన్న పద్ధతిలో తిరగండి. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను అదే చెప్తాను, బ్రేకింగ్ పాయింట్లు ఎలాగూ త్వరగానే పెట్టుకుంటారు.

ప్యాడ్ సగం కన్నా తక్కువ మిగిలి ఉంటే దాంతో ట్రాక్ మీదకి వెళ్లొద్దు. రోడ్డుకి 3 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు, ట్రాక్‌కి కాదు, ప్యాడ్ మందమే వేడికి అడ్డుగోడ, అది పలచబడితే వేడి సీదా పిస్టన్‌కి, అక్కణ్ణుంచి ఆయిల్‌కి పోతుంది. సెషన్ అయ్యాక ఒక ల్యాప్ బ్రేక్ దాదాపు ముట్టుకోకుండా రండి, పిట్స్‌లో (ట్రాక్ పక్కన బళ్లు ఆపే చోట) ఆపాక పెడల్ మీద కాలు పెట్టొద్దు, పార్కింగ్ బ్రేక్ వేయొద్దు, బండిని పి లో పెట్టి వదిలేయండి. ఎర్రగా కాలిన డిస్కు మీద ప్యాడ్ ఒకేచోట అదిమిపెట్టి ఉంచితే ఆ మచ్చ అక్కడే అంటుకుపోతుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంటే డిస్కు వంకర పోయింది అని మార్చేస్తారు, చాలాసార్లు అది వంకర కాదు, డిస్కు మీద పొర అక్కడక్కడా మందంగా అతుక్కోవడం.

ఇంకా మీ స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఒక్కో చక్రానికి దానంతట అదే బ్రేక్ వేస్తుంది, దాన్ని నమ్ముకుని మలుపుల్లో ఎక్కువ గ్యాస్ ఇచ్చేవాళ్లకి బ్రేకులు ఇంకా తొందరగా వేడెక్కుతాయి. పూర్తిగా ఆఫ్ చేయమని చెప్పను, కారుని నిదానంగా నడిపితే అదీ నిదానంగా ఉంటుంది.

వైజాగ్_ఎన్‌లైన్:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది ఐ20 ఎన్ లైన్, అరకు ఘాట్ ఎక్కువ తిరుగుతాను. నాకూ ఇవే ప్యాడ్లా? ముందు ఒక్కటే మంచివి వేసి వెనక స్టాక్ ఉంచొచ్చా?

బెంగళూరు_ల్యాప్స్:

మీది చిన్న బండి, అంత వేడి రాదు. తాజా ఆయిల్, మంచి కంపెనీ రోడ్డు ప్యాడ్, కింది గేర్‌లో దిగడం, అరకుకి ఇంతకన్నా అవసరం లేదు. ముందు కాస్త మెరుగైనవి వేసి వెనక స్టాక్ ఉంచితే పెద్ద తేడా రాదు, కానీ తిరగేసి వెనక ఎక్కువ పట్టుండేవి వేసి ముందు మామూలువి ఉంచడం మటుకు ఎప్పుడూ చేయొద్దు, వానలో గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందు పట్టు వదిలి బండి తిరిగిపోతుంది.

ఆటోనగర్_బాబాయ్:

ఆయిల్ గురించి అడిగావు కదా. ఈ బళ్లకి కంపెనీ చెప్పేది డాట్ 4 లోనే పలచగా ఉండే రకం, ఏబీఎస్ వాల్వులు తొందరగా పనిచెయ్యడానికి. ఆ రకంలో ఏటీఈ ఎస్ఎల్6 లాంటిది కొత్తగా ఉంటే 265 డిగ్రీల దాకా మరగదు, ఘాట్‌కి, సిటీకి అదే బ్రహ్మాండం. ఆర్‌బీఎఫ్ 600 పొడిగా 312 దాకా తట్టుకుంటది, ట్రాక్‌కి మంచిది, కొంచెం చిక్కన. మైనస్ డిగ్రీల చలి మనకెక్కడుంది కాబట్టి హైదరాబాద్‌లో ఆ చిక్కదనంతో ఇబ్బంది రాదు, కానీ రేసు ఆయిల్ పోస్తే రెండేళ్లు వదిలెయ్యకూడదు, ఏడాదికోసారి కచ్చితంగా మార్చాలి. డాట్ 5 అని ఉన్నది మటుకు ముట్టుకోకు, అది సిలికాన్, దీంతో కలవదు. డాట్ 5.1 వేరు, అది కలుస్తది. మీ అమ్మగారు భయపడిపోయారు అన్నావు కాబట్టి ఈ పని ప్యాడ్ల కోసం ఆగకుండా రేపే చేయించు.

ప్యాడ్లు కొనేటప్పుడు బండి పేరు చెప్పి కొనొద్దు, ఛాసిస్ నంబర్ చెప్పు, లేదా పాత ప్యాడ్ వెనక రేకు మీద డబ్ల్యూవీఏ నంబర్ (ప్యాడ్ రకాన్ని గుర్తుపట్టే నంబర్) ఉంటది అది చెప్పు. ఒకే మోడల్లో రెండు మూడు రకాల కాలిపర్లు వస్తాయి, డబ్బా తెరిచాక సరిపోలేదంటే ఎవడూ వెనక్కి తీసుకోడు. డూప్లికేట్లు కూడా తిరుగుతున్నాయి, అచ్చు ఒరిజినల్ డబ్బాలానే ఉంటాయి, మొన్న ఒకాయన ఆన్‌లైన్‌లో సగం ధరకి తెచ్చాడు, విప్పి చూస్తే వెనక రేకుకీ డిస్కుకి రుద్దుకునే మందుకీ మధ్య గోరు దూరేంత సందు ఉంది. అది బిగించనని చెప్పి పంపేశాను. బ్రేక్ ప్యాడ్ ధర మరీ తక్కువగా కనపడితే అనుమానించు.

డిస్కు అంచు మీదో మధ్య భాగం మీదో మినిమమ్ మందం ఎంతో కంపెనీ వాళ్లే చెక్కి ఉంటారు, మైక్రోమీటర్‌తో కొలిపించు. దానికి బాగా పైన ఉండి, గీతలు లోతుగా లేకపోతే మార్చక్కర్లేదు. చిల్లుల డిస్కులు అందానికి బాగుంటాయి కానీ ట్రాక్ తిప్పే బండికి ఆ చిల్లుల దగ్గర్నుంచే చీలికలు మొదలవుతాయి, ప్లెయిన్‌వే మంచివి. ముందు ఎడమ చక్రానికి, వెనక కుడి చక్రానికి ప్యాడ్ సెన్సర్ వైర్ ఉంటది, అరిగి లైటు వచ్చాక అయితే కొత్తది కొనాలి, ఇప్పుడే మారిస్తే చాలాసార్లు పాతదే పనికొస్తది. వెనక ప్యాడ్లు మార్చేటప్పుడు పార్కింగ్ బ్రేక్ మోటార్‌ని స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టించాకే పిస్టన్ వెనక్కి తోయాలి, బలవంతంగా నొక్కితే మోటార్ పోద్ది. ఇది తెలీని చోట మటుకు బండి ఇవ్వకు.

ఫ్రీమాంట్_తెలుగోడు:

బెంగళూరు గారు చెప్పిన బరువు లెక్క చూశాక నేనూ ఒప్పుకుంటాను, నాది 1,300 కిలోల కారు, నాకు డీఎస్2500 సరిపోయింది కదా అని ఈ బండికీ అదే అనడం కుదరదు. తరచూ వెళ్తే రెండు సెట్లే. ఒక్కసారి రుచి చూడటానికి వెళ్తే మధ్యరకం ఒక్కటి చాలు అని మాత్రం ఇప్పటికీ అంటాను.

బెడ్డింగ్ మర్చిపోవద్దు. కొత్త ప్యాడ్ పొర డిస్కు మీద సమంగా పరుచుకోవాలి, అది జరక్కుండా సీదా ట్రాక్ మీదకి వెళ్తే వణుకు అక్కడే మొదలవుతుంది. 100 నుంచి 20 దాకా ఓ మోస్తరు గట్టిగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ స్పీడ్ అందుకోవడం, అలా వరసగా కొన్నిసార్లు, తర్వాత పది పదిహేను నిమిషాలు బ్రేక్ పెద్దగా వాడకుండా తిరిగి చల్లార్చడం. ప్యాడ్ కంపెనీ కాగితంలో వేరే పద్ధతి రాసుంటే అదే పాటించు, ఒక్కో కాంపౌండ్‌కి ఒక్కో తీరు. ఓఆర్ఆర్ మీద మాత్రం చేయకు, వెనకాల 120లో వస్తున్నవాడికి నువ్వు ఎందుకు బ్రేక్ వేస్తున్నావో తెలీదు.

గచ్చిబౌలి_స్ట్రెయిట్‌సిక్స్:

అందరికి దండాలు, నాకు మొత్తం క్లియర్ అయింది. ఆయిల్ రేపు పొద్దున్నే మార్పిస్తున్న, ఎస్ఎల్6 దొరికింది. రోడ్డుకు కంపెనీ ప్యాడ్లు ముందు సెట్ ఆర్డర్ పెట్టిన, డస్ట్ సంగతి వదిలేసిన. ట్రాక్‌కు ఈసారి మొదటిసారే కాబట్టి డీఎస్2500 ముందు వెనుక తీసుకుంట, పోయే ముందు ఆర్‌బీఎఫ్ పోయిస్త. పాజిడ్ రేసింగ్ వద్దు. ఒక్కటే డౌటు, ట్రాక్ అయినంక మళ్ల కంపెనీ ప్యాడ్లు వేసినప్పుడు డిస్కు మీద ఫెరోడో పొర ఉంటది కదా, దాని మీద ఇవి నడుస్తయా?

బెంగళూరు_ల్యాప్స్:

నడుస్తాయి, కానీ మొదటి కొన్ని రోజులు పట్టు అటూ ఇటూ ఉంటుంది, కొంచెం చప్పుడు కూడా రావచ్చు. డిస్కుని ముతక ఎమరీ కాగితంతో రెండు వైపులా సమంగా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, కొత్తగా బెడ్డింగ్ చేస్తే త్వరగా సర్దుకుంటుంది. తీసిన ప్యాడ్లు ఏవి ఎడమవో ఏవి కుడివో, లోపలివో బయటివో వెనక రేకు మీద మార్కర్‌తో రాసుకోండి, వచ్చేసారి అదే జాగాలో వేస్తే సరిగ్గా కూర్చుంటాయి.